హాలోవీన్ నిర్మాతే ‘ద మెసేజ్’ తీశాడా? ముస్తఫా అక్కాద్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రీలుపిచ్చి_రాజమండ్రి
నిన్న రాత్రి 1978 నాటి ‘హాలోవీన్’ చూశాను. టైటిల్స్ మొదట్లోనే ‘ముస్తఫా అక్కాద్ సమర్పించు’ అని పడింది. పేరు వింతగా తోచి వెతికితే, మహమ్మద్ ప్రవక్త జీవితం మీద ‘ద మెసేజ్’ తీసింది కూడా ఈయనేనట! తెల్ల ముసుగు వేసుకుని కత్తితో తిరిగే హంతకుడి సినిమాకి, ఆ సినిమాకి ఒకే మనిషా? ఇదెలా కుదిరింది?
ఇంకో మాట, ఇది ఫిర్యాదే. హిచ్‌కాక్ మీద, కురొసావా మీద తెలుగులో నెలకొకరు రాస్తారు. అరబ్ సినిమా వాళ్ళ గురించి ఒక్క ముక్క కనపడదు. మన ఊళ్ళ నుంచి అంతమంది గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడివాళ్ళు చూసే సినిమా మనకెందుకు పట్టదు?

పాతబస్తీ_ఇర్ఫాన్
ఒకే మనిషి. సిరియాలోని అలెప్పోలో 1930లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ హాలీవుడ్ వెళ్తానని పట్టు. ఇరవై దాటాక అమెరికా బయల్దేరాడు. వాళ్ళ నాన్న కస్టమ్స్‌లో ఉద్యోగి. విమానం ఎక్కేముందు ఒక జేబులో 200 డాలర్లు, ఇంకో జేబులో ఖురాన్ పెట్టి, నేనివ్వగలిగింది ఇదే అన్నాడట. ఈ సంగతి అక్కాద్ ఇంటర్వ్యూలలో పదేపదే చెప్పేవాడు. మా ఇంట్లో ఆయన పేరు ఎత్తితే ముందు ఇదే కథ.

కోనసీమ_కొబ్బరాకు
మెసేజ్ అంటే ఏ.ఆర్. రెహమాన్ మ్యూజిక్ చేసిందేగా? దాని మీద ముంబైలో ఫత్వా కూడా ఇచ్చారు.

పాతబస్తీ_ఇర్ఫాన్
కాదండీ. అది 2015లో ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ తీసిన సినిమా, ప్రవక్త చిన్నతనం మీద. ఇది 1976 నాటిది. సంగీతం మారిస్ జార్, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కి చేసినాయన. దీనికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ పోటీలో స్టార్ వార్స్ ఉండటంతో చేజారింది.

కోనసీమ_కొబ్బరాకు
ఓహో. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నా.

చింతచెట్టు_కింద
పై ప్రశ్నకి జవాబు సింపుల్. హారర్‌తో సంపాదించాడు, ఆ డబ్బుతో మంచి సినిమా తీశాడు. మన దగ్గర కూడా మాస్ సినిమాలతో సంపాదించి ఒక మంచి సినిమా తీసిన నిర్మాతలు లేరా?

సెకండ్_యూనిట్
@చింతచెట్టు_కింద ఏళ్ళు చూడండి. మెసేజ్ 1976, హాలోవీన్ 1978. మెసేజే ముందు. హారర్ డబ్బుతో తీశాడన్న మాట చాలామంది అంటారు, లెక్క కుదరదు. జరిగింది తలకిందులుగా. పెద్ద సినిమా తీసి, దాని గొడవలతో నలిగిపోయి ఉన్న మనిషి దగ్గరికి హాలోవీన్ వాళ్ళు వచ్చారు. అడిగింది 3 లక్షల డాలర్లు. జాన్ కార్పెంటర్ అప్పటికి పెద్ద పేరున్నవాడు కాదు. దర్శకత్వం, రచనలో భాగం, సంగీతం అన్నీ కలిపి 10,000 డాలర్లు, పైన లాభాల్లో వాటా చాలన్నాడు. హంతకుడి ముసుగు కూడా దుకాణంలో రెండు డాలర్ల లోపు దొరికిన ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్ మాస్కే, తెల్ల రంగు కొట్టారు. ఆ సినిమా ప్రపంచం మొత్తం మీద దాదాపు 7 కోట్ల డాలర్లు వసూలు చేసింది.
నేను ఇరవై ఏళ్ళుగా కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. నిర్మాత అంటే చెక్కు రాసేవాడు అనుకుంటారు బయటివాళ్ళు. కొత్త కుర్రాడు కథ చెబుతుంటే ఇది ఆడుతుందని నమ్మి సంతకం పెట్టడం ఎంత కష్టమో మా ఆఫీసుల్లో కూర్చుంటే తెలుస్తుంది.

చింతచెట్టు_కింద
ఏళ్ళు చూసుకోలేదు, తప్పు నాదే. అయితే ఆ తర్వాతవి?

సెకండ్_యూనిట్
తర్వాత మీరన్నది కొంత నిజం. హాలోవీన్ సిరీస్‌ను చివరిదాకా వదల్లేదు. 1982లో వచ్చిన మూడో భాగంలో ఆ ముసుగు హంతకుడు మైకేల్ మయర్స్ లేడు, జనం ఒప్పుకోలేదు. 1988లో నాలుగో భాగంతో ఆ పాత్రను మళ్ళీ తెచ్చింది అక్కాదే. 2002 దాకా వచ్చిన ఎనిమిదింటికీ ఆయన పేరుంది. ఆఫీసు నడిచింది వాటితోనే. ఆయన తర్వాత కొడుకు మాలిక్ అక్కాద్ చూసుకుంటున్నాడు.

సత్తెనపల్లి_సుజాత
టీవీలో కూడా పనిచేశాడని చదివినట్టు గుర్తు. నిజమేనా?

పాతబస్తీ_ఇర్ఫాన్
నిజమే. యూసీఎల్‌ఏలో డిగ్రీ, యూఎస్‌సీలో మాస్టర్స్. ఆ రోజుల్లోనే హాలీవుడ్ దర్శకుడు సామ్ పెకిన్‌పా పరిచయమయ్యాడు. అల్జీరియా పోరాటం మీద సినిమా తీయాలనుకుని ఈయన్ని సలహాదారుగా పెట్టుకున్నాడు. 1962లో అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. తర్వాత సీబీఎస్‌లో నిర్మాతగా చేరాడు. కొన్నాళ్ళు టీవీకి డాక్యుమెంటరీలు తీశాడు. సినిమా ఆ తర్వాతే.

గుంటూరు_గోంగూర
మెసేజ్‌లో ప్రవక్త కనిపించడట కదా? హీరో కనపడకుండా మూడు గంటల సినిమా ఎలా నడిపాడు? మనకి కృష్ణుడంటే రామారావు ముఖమే గుర్తొస్తుంది. అలా పెరిగినవాళ్ళం, ఊహకి అందడం లేదు.

పాతబస్తీ_ఇర్ఫాన్
ముఖం కనపడదు, నీడ కనపడదు, గొంతు కూడా వినపడదు. కెమెరాయే ఆయన కళ్ళు. ఎదుటివాళ్ళు కెమెరాలోకి చూసి మాట్లాడతారు, జవాబు విని తల ఊపుతారు. ఆ మౌనంలో ఆయనేమన్నారో మనకి తెలిసిపోతుంది. భార్యలనూ చూపించలేదు. ప్రవక్త అల్లుడు అలీని చూపించాల్సిన చోట రెండు మొనల కత్తి మాత్రమే ఫ్రేమ్‌లోకి వస్తుంది. కథ మోసేది ప్రవక్త బాబాయి హంజా. ఆ వేషం ఆంథొనీ క్విన్‌ది.
మొఘల్‌పురాలో మా మేనమామ ఇంట్లో వీసీఆర్ మీద చూశాను, నాకు ఏడెనిమిదేళ్ళు. గదిలో ముప్పై మంది. ప్రవక్త అనుచరుడు బిలాల్ కాబా పైకెక్కి అజాన్ ఇచ్చే సీన్ రాగానే మా దాదీ దుపట్టా తల మీదికి సర్దుకుంది. అది సినిమా అన్న సంగతి ఆ నిమిషం ఆమెకి గుర్తు లేదు. నాకు సినిమా అంటే ఏంటో అర్థమైంది అప్పుడే.

గుంటూరు_గోంగూర
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అన్నా.

సెకండ్_యూనిట్
ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. ఆయన తీసింది ఒక సినిమా కాదు, రెండు. ఇంగ్లీషులో ఒకటి, అరబీలో ‘అర్‌రిసాలా’ అని ఇంకోటి, ఒకేసారి, అవే సెట్లలో. ఇంగ్లీషులో హంజాగా క్విన్, ప్రవక్తని ఎదిరించిన హింద్‌గా గ్రీకు నటి ఐరీన్ పపాస్. అరబీలో హంజాగా ఈజిప్టు నటుడు అబ్దుల్లా గైస్, హింద్‌గా సిరియా నటి మునా వాసిఫ్. డబ్బింగ్ చెప్పించి వదిలెయ్యొచ్చు. కానీ అరబీ నటన తీరు వేరు, దాన్ని డబ్బింగ్‌తో తేలేమని ఆయన పట్టుబట్టాడు.
ఇది మనకి తెలియనిదేం కాదు. ‘మాయాబజార్’ తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. నేనూ ఒక ద్విభాషా చిత్రానికి అసిస్టెంట్‌గా చేశాను. తెలుగు టేక్ ఓకే అయ్యాక లైటు అంగుళం కదపకుండా తమిళ ఆర్టిస్టుని అదే మార్కు మీద నిలబెట్టాలి. డైలాగు నిడివి మారుతుంది, ట్రాలీ వేగం మారుతుంది, ఎండ దిగిపోతూ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టులు ఉన్న ఇంటి సెట్‌లోనే మాకు ఊపిరాడలేదు. ఆయన ఒంటెలు, గుర్రాలు, వందల మంది జనంతో ఎడారిలో చేశాడు.

కోనసీమ_కొబ్బరాకు
ఎడారి అంటే సౌదీలోనేనా?

పాతబస్తీ_ఇర్ఫాన్
సౌదీ వాళ్ళే వద్దన్నారు. స్క్రిప్టు ముందుగానే కైరోలోని అల్ అజ్హర్ పండితులకీ, లెబనాన్ షియా మండలికీ చూపించి ఒప్పుకోలు తీసుకున్నాడు. మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ మాత్రం ససేమిరా అంది. తర్వాత అల్ అజ్హర్ కూడా మాట వెనక్కి తీసుకుంది. మొరాకోలో మర్రకేష్ దగ్గర మక్కా, మదీనా సెట్లు వేసి నెలల తరబడి షూటింగ్ చేశారు. సౌదీ నుంచి ఒత్తిడి వచ్చేసరికి మొరాకో రాజు హసన్ ఆపేయించాడు. సెట్టు ఉంది, నటులున్నారు, పనివాళ్ళున్నారు, దేశం మాత్రం ఖాళీ చెయ్యాలి! అప్పుడు చెయ్యి అందించింది లిబియా పాలకుడు గడాఫీ. మిగతాది అక్కడే తీశారు.

సూటిగా_చెప్తా
అదీ అసలు సంగతి. ఇప్పటిదాకా అందరూ పొగుడుతున్నారు కానీ డబ్బు ఎవరిదో చూడండి. మెసేజ్‌కి గడాఫీ, తర్వాత ‘లయన్ ఆఫ్ ద డెజర్ట్’కి మొత్తం గడాఫీయే, 3.5 కోట్ల డాలర్లు. సొంత జనాన్ని జైళ్ళలో కుక్కిన నియంత డబ్బుతో స్వాతంత్ర్య పోరాటం సినిమా తీస్తే అది ప్రచారం కాదా? గొప్ప నిర్మాత అనే ముందు ఈ ప్రశ్న అడగాలి.

సత్తెనపల్లి_సుజాత
ప్రశ్న సరైనదే. కానీ సినిమా చూశారా మీరు?

సూటిగా_చెప్తా
సగం చూశాను. యుద్ధాలు బాగా తీశాడు. నా అభ్యంతరం డబ్బు గురించి.

సత్తెనపల్లి_సుజాత
అయితే మిగతా సగం కూడా చూడండి. నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.
‘లయన్ ఆఫ్ ద డెజర్ట్’ కథ లిబియా వీరుడు ఒమర్ ముఖ్తార్‌ది. ఆయన ఖురాన్ పాఠాలు చెప్పుకునే పంతులు. తమ దేశాన్ని ఆక్రమించిన ఇటలీ మీద ఇరవై ఏళ్ళు పోరాడి, డెబ్బై దాటిన వయసులో 1931 సెప్టెంబరు 11న పట్టుబడ్డాడు. అయిదు రోజుల్లో విచారణ, శిక్ష, ఉరి అన్నీ అయిపోయాయి. 16వ తేదీన సులూక్‌లో, సొంత మనుషుల కళ్ళ ముందే ఉరితీశారు. ఆయనకి తిండీ తుపాకులూ అందకుండా ఇటలీ సైన్యం ఈజిప్టు సరిహద్దు పొడుగునా సుమారు 270 కిలోమీటర్ల ముళ్ళకంచె వేసింది. తూర్పు లిబియాలో దాదాపు లక్ష మందిని, పిల్లా జెల్లా పశువులతో సహా, శిబిరాల్లోకి తోలింది. వేల మంది అక్కడే పోయారు. ఇవి గడాఫీ కల్పించినవి కావు, చరిత్ర. అక్కాద్ వాటి అసలు ఫిల్మ్ ముక్కలు, నలుపు తెలుపువి, సినిమాలో కలిపాడు.
మరి ఇటలీ ఏం చేసింది? 1982లో తమ సైన్యం పరువుకి నష్టమని సినిమాని ఆపేసింది. అక్కడ టీవీలో వేసింది 2009లో, అదీ గడాఫీ రోమ్‌కి వచ్చినప్పుడు. ఇరవై ఏడేళ్ళు దాచాల్సి వచ్చిన సినిమాని ఒట్టి ప్రచారం అని నేననలేను.
మా పిల్లలకి అల్లూరి పాఠం చెప్పేటప్పుడు ముఖ్తార్ గురించి కూడా చెబుతాను. కొండలు ఎరిగినవాళ్ళు, తుపాకులు శత్రువు నుంచే గుంజుకున్నవాళ్ళు. పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

సూటిగా_చెప్తా
చరిత్ర నిజం కాదని నేనలేదు టీచర్ గారూ. నిజాన్ని కూడా నియంతలు తమ పేరు కోసం వాడుకుంటారు అంటున్నాను. గడాఫీ 2009లో రోమ్‌లో దిగినప్పుడు ఛాతీ మీద ముఖ్తార్ సంకెళ్ళ ఫోటో పెట్టుకున్నాడు. అది నివాళా? పోస్టరా?

సత్తెనపల్లి_సుజాత
ఆ మాట ఒప్పుకుంటాను. అది గడాఫీ లెక్క, అక్కాద్‌ది కాదు.

సెకండ్_యూనిట్
నా వైపు నుంచి ఒక్కటి. హాలీవుడ్ స్టూడియోలు అరబ్బు హీరోగా ఉన్న సినిమాకి డబ్బు పెట్టే రోజులు కావవి. ఇటు మతపెద్దలు అనుమతి లాక్కున్నారు. తలుపులన్నీ మూసుకున్నాక తెరుచుకున్న ఒక్క తలుపు అది. ఆ డబ్బుతో తీసిన సినిమాలో గడాఫీ గురించి ఒక్క మాటైనా ఉందా? కథ 1931లో ఆగుతుంది. ముఖ్తార్‌గా క్విన్, ఎదుట ఇటలీ సేనాని గ్రాజియానీగా ఆలివర్ రీడ్, ముస్సోలినీగా రాడ్ స్టైగర్. శత్రువుని కూడా బొమ్మలా కాక మనిషిలా చూపించాడు. వసూళ్ళు మాత్రం పెట్టినదాంట్లో చిన్న ముక్క కూడా రాలేదు.

సూటిగా_చెప్తా
సరే, మిగతా సగం చూసి వస్తా. డబ్బు మాట మాత్రం వదలను.

వేమనవాడ_వెంకి
మెసేజ్ వల్ల అమెరికాలో మనుషుల్ని బందీలుగా పట్టుకున్నారని ఎక్కడో చదివాను. పుకారా?

పాతబస్తీ_ఇర్ఫాన్
పుకారు కాదు. 1977 మార్చి 9. వాషింగ్టన్‌లో హమాస్ అబ్దుల్ ఖాలిస్ అనే వ్యక్తి, అతని అనుచరులు మూడు భవనాల్లోకి చొరబడి 149 మందిని పట్టుకున్నారు. దాదాపు రెండు రోజులు. ఒక రేడియో విలేకరి చనిపోయాడు. తర్వాత నగర మేయర్ అయిన మేరియన్ బ్యారీకి గుండు తగిలింది. వాళ్ళ డిమాండ్లలో ఒకటి ఈ సినిమా ఆపాలని. ప్రవక్తను తెర మీద చూపించేశారని నమ్మారు. క్విన్‌ది ఆ వేషమే అని అప్పట్లో పుకారు. వాళ్ళెవరూ సినిమా చూడలేదు. అక్కాద్ ముందుకొచ్చి, మీకే వేసి చూపిస్తాను, తప్పుంటే నేనే తగలబెడతాను అన్నాడు. చివరికి ఈజిప్టు, పాకిస్తాన్, ఇరాన్ రాయబారులు ఖురాన్ వాక్యాలు చదివి వినిపించి ఒప్పించారు.

సత్తెనపల్లి_సుజాత
దీనికి ముందు కథ కూడా చెప్పాలి. 1973లో ఆ ఖాలిస్ ఇంట్లో ఏడుగురిని చంపారు, అందులో పసిపిల్లలున్నారు. ఆ హంతకుల్ని అప్పగించమన్నదే అతని మొదటి డిమాండ్. చేసింది ఘోరం, సందేహం లేదు. కానీ ఒట్టి సినిమా గొడవ అనుకుంటే సగమే తెలిసినట్టు.

పాతబస్తీ_ఇర్ఫాన్
నిజం. అది రాయకుండా వదిలేశాను.

వేమనవాడ_వెంకి
ఇంత కథ ఉందా దీని వెనక!

బెజవాడ_భారతి
అందరూ అక్కాద్‌నే మొదటివాడిలా మాట్లాడుతున్నారు. అరబ్ నిర్మాతల్లో దారి వేసినవాళ్ళ మాట వస్తే ఆసియా దాగర్ పేరు ముందు చెప్పాలి. లెబనాన్ పల్లెలో పుట్టి, 1923లో ఈజిప్టు వచ్చింది. 1927లో లోటస్ ఫిల్మ్ పేరుతో సొంత కంపెనీ. ఆడవాళ్ళు తెర మీద కనపడటమే గొడవైన రోజుల్లో ఆమె నిర్మాత! మొదట నటి కూడా. కొత్త దర్శకులకి ఆమె కంపెనీయే బడి. 1963లో యూసఫ్ షాహీన్ దర్శకత్వంలో, క్రూసేడ్ల కాలం సుల్తాన్ సలాదీన్ మీద భారీ సినిమా నిర్మించింది. అరబ్ సినిమా అంటే గల్ఫ్ అనుకుంటాం మనం. కైరో దశాబ్దాల పాటు వాళ్ళకి మద్రాసులాంటిది. భాష ఏదైనా, యాస ఏదైనా, అందరూ రైలెక్కి అక్కడికే.

రీలుపిచ్చి_రాజమండ్రి
@బెజవాడ_భారతి ఈ పేరు అసలు వినలేదు. ఆవిడ మీద విడిగా ఒక టాపిక్ పెట్టరూ, ప్లీజ్?

బెజవాడ_భారతి
పెడతాను. ఒక వారం ఆగండి, పిల్లల పరీక్షలు. సలాదీన్ మీద తీయాలని అక్కాద్ కూడా ఏళ్ళ తరబడి తిరిగాడు. షాన్ కానరీ సలాదీన్ అనుకున్నాడు, జోర్డాన్‌లో షూటింగ్ అనుకున్నాడు. అవ్వలేదు.

గుంటూరు_గోంగూర
ఎందుకవ్వలేదు? డబ్బా?

జగిత్యాల_టు_షార్జా
డబ్బు కోసం తిరుగుతుండగానే పోయిండు. నేను చెప్తా.
2005లో నేను షార్జాలో ఏసీ డక్టింగ్ కంపెనీల చేస్తున్న. మా ఫోర్‌మన్ అలెప్పో మనిషి. గట్టిగ అరిచేటోడు కానీ మనసు మంచిది. రంజాన్ నెలల టీవీల అర్‌రిసాలా వస్తే మా అందరినీ రూమ్‌కి పిలిచి చూపించేటోడు. నాకు అరబీ అప్పుడు అంతంతమాత్రమే. ఆయనే ఆపి ఆపి హిందీల చెప్పేటోడు. మా ఊరోడు తీసిండు, మా ఊరోడు, అని ఛాతీ కొట్టుకునేటోడు.
నవంబరు 9న జోర్డాన్ రాజధాని అమ్మాన్‌ల మూడు హోటళ్ళల్ల బాంబులు పేలినయి. అల్ ఖైదా వాళ్ళ పని. ఒక హోటల్ల పెండ్లి అయితున్నది, పెండ్లోళ్ళే సచ్చిపోయిన్రు. అక్కాద్ ఇంకో హోటల్ల, గ్రాండ్ హయత్ లాబీల ఉన్నడు. బిడ్డ రీమా లెబనాన్‌కెళ్ళి అప్పుడే వచ్చింది, ఇద్దరూ కలిసి ఓ పెండ్లికి పోవాలె. ఆమె అక్కడికక్కడే పోయింది, 34 ఏండ్లు. ఈయన రెండు దినాలు దవాఖానల ఉండి 11న పోయిండు. మా ఫోర్‌మన్ ఆ దినం పనికి రాలే. మర్నాడు వచ్చిండు కానీ ఎవ్వరి మీదా అరవలే. మధ్యాహ్నం అన్నం కాడ ఒక్కటే మాట అన్నడు. ఇస్లాం అంటే ఇది కాదు అని ప్రపంచానికి చూపెట్టినోడిని ఇస్లాం పేరు చెప్పుకునేటోళ్ళే సంపిన్రు అని.
తర్వాత సిరియాల యుద్ధం వచ్చింది. ఆయన యాడున్నడో తెల్వది. ఫోన్ నంబర్ మారింది.

రీలుపిచ్చి_రాజమండ్రి
ఏం రాయాలో తెలియడం లేదన్నా.

పాతబస్తీ_ఇర్ఫాన్
జగిత్యాల అన్నా, ఆ ఫోర్‌మన్ క్షేమంగా ఉండాలని దువా చేస్తాను.

సెకండ్_యూనిట్
ఒక చిన్న సంగతి కలుపుతాను. 2018లో మెసేజ్‌ని 4కేలో శుభ్రం చేసి, ఈద్‌కి సౌదీ థియేటర్లలోనే వేశారు. నలభై ఏళ్ళ కింద షూటింగ్ ఆపించిన దేశంలో.

జగిత్యాల_టు_షార్జా
ఆ సంగతి మా ఫోర్‌మన్‌కి తెలిస్తే ఎగిరి గంతేసేటోడు.

సూటిగా_చెప్తా
మిగతా సగం చూశాను. డబ్బు మీద నా మాట అలాగే ఉంది. కానీ ఉరి సీన్ తర్వాత కళ్ళజోడు కింద పడటం, ఆ పిల్లవాడు వచ్చి తీసుకోవడం... రాత్రంతా అదే కళ్ళ ముందు ఉంది. టీచర్ గారూ, చూడమన్నందుకు థ్యాంక్స్.

సత్తెనపల్లి_సుజాత
మొదట్లో అదే కళ్ళజోడు పెట్టుకుని పిల్లలకి పాఠం చెబుతుంటాడు, త్రాసు గురించి. మళ్ళీ అక్కడి నుంచి చూడండి.

రీలుపిచ్చి_రాజమండ్రి
అర్‌రిసాలా మా నాన్నతో కలిసి చూశాను. ఆయనకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం కష్టం. జగిత్యాల అన్న వాళ్ళ ఫోర్‌మన్‌లాగే నేనూ ఆపి ఆపి చెప్పాల్సి వచ్చింది, నాలుగు గంటలు పట్టింది. అందుకే తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు అయ్యాయి. ఒకచోట ఆగిపోయాను. ‘నబీ’, ‘రసూల్’ రెండూ వస్తున్నాయి. రెంటికీ ప్రవక్త అని రాసేయొచ్చా?

పాతబస్తీ_ఇర్ఫాన్
వద్దు, తేడా ఉంది. నబీకి ప్రవక్త, రసూల్‌కి సందేశహరుడు. సినిమా పేరు అర్‌రిసాలా కూడా ఆ మాటలోంచి వచ్చిందే. ఫైలు పంపండి, శుక్రవారం లోపల చూసి పెడతాను.

జగిత్యాల_టు_షార్జా
నాకూ పంపున్రి. ఇప్పుడు అరబీ మంచిగనే వస్తది.